ఉక్క కాలంలో 'గట్టిపడిన' రీడ్లు: ఒక క్లారినెట్ కేస్ స్టడీ

నేపథ్యం

క్లారినెట్ నేర్పడంతోపాటు వాద్యకారుల రీడ్లను (నోట పెట్టుకునే మౌత్‌పీస్‌కు కట్టి ఊదితే కంపించి నాదమిచ్చే పలుచని పలకలను) పరీక్షించి సరిచేయడం నా వృత్తిలో భాగం. వేడీ తేమా కలిసిన కాలం రాగానే నా దగ్గరకు వచ్చే ఫిర్యాదుల్లో చాలావరకు ఒకే మాటతో మొదలవుతాయి: రీడు గట్టిపడిపోయింది అని. ఆ మాట పెదవికి తెలిసిన అనుభవాన్ని చెబుతుందే తప్ప రీడులో నిజంగా జరిగిన మార్పును చెప్పదు. అనుభవాన్నే కారణంగా తీసుకుని చికిత్స మొదలుపెడితే ఏమవుతుందో ఈ కేసు వివరంగా చూపింది కాబట్టి దీన్ని నమోదు చేస్తున్నాను. వ్యక్తినీ ప్రాంతాన్నీ గుర్తుపట్టడానికి వీలిచ్చే వివరాలను తీసివేశాను.

వాద్యకారిణి అనుభవజ్ఞురాలు. బి-ఫ్లాట్ క్లారినెట్ మీద చాలాకాలంగా 3 నంబరు రీడు (నంబరు పెరిగేకొద్దీ రీడు గట్టిది) వాడుతున్నారు. మౌత్‌పీస్ ఎబొనైట్ అనే గట్టి రబ్బరుతో చేసినది, మొన దగ్గర తెరపు మధ్యస్థంగా ఉన్నది. పొడిగాలి ఉండే చోటు నుంచి తేమ ఎక్కువగా ఉండే చోటుకు మారిన తర్వాత వచ్చిన మొదటి ఉక్క కాలంలోనే ఆమెకు ఇబ్బంది మొదలైంది. ఆమె సాధన చేసే గదిలో ఏసీ లేదు. అక్కడ హైగ్రోమీటర్ (గాలిలో తేమను కొలిచే పరికరం) పెట్టి చూస్తే ఉష్ణోగ్రత 32 నుంచి 34 డిగ్రీల మధ్య, గాలిలో తేమ 75 నుంచి 80 శాతం మధ్య కనిపించాయి. బృందంతో కలిసి చేసే సాధన, కచేరీలు మాత్రం 22 డిగ్రీల వద్ద, దాదాపు 50 శాతం తేమతో ఉండే ఏసీ హాలులో జరిగేవి. అంటే ఒకే రీడు ఒకే రోజున రెండు వేర్వేరు వాతావరణాల్లో పనిచేయవలసి వచ్చేది. ఈ కేసులో అన్నిటికంటే ముఖ్యమైన వివరం ఇదే అయినా, మొదటి సంభాషణలో ఆమె దీన్ని ప్రస్తావించలేదు. నేను అడిగితేనే బయటపడింది.

సమస్య ఎలా కనిపించింది

ఆమె ఫిర్యాదులు నాలుగు. కొత్త రీడు మొదట బాగానే పలికి, కాసేపటికి బరువెక్కి, ఊపిరి ఎంత పెట్టినా నాదం మూసుకుపోయినట్టు ఉంటోంది. కింది స్థాయి నుంచి పై స్థాయికి వెళ్లేటప్పుడు కీచుమంటోంది. ఇంట్లో బాగా పలికిన రీడు హాలులో అసలు లొంగడం లేదు. పెట్టెలో దాచిన రీడ్ల మీద కొన్ని రోజులకే నల్లటి చుక్కలు వస్తున్నాయి. పది రీడ్ల డబ్బా కొంటే కచేరీకి పనికొచ్చేది ఒకటో రెండో మాత్రమే అన్నారు.

రీడ్లను చూడకముందే వాద్యాన్ని పరీక్షించాను. తేమకాలంలో కర్ర ఉబ్బి కీళ్లు బిగుసుకుంటాయి, ప్యాడ్లు (రంధ్రాలను మూసే మెత్తలు) సరిగా కూర్చోకపోవచ్చు. ప్యాడ్ దగ్గర గాలి కారినా నాదం మూసుకుపోయినట్టే ఉంటుంది, కీచు శబ్దం కూడా వస్తుంది. పై భాగాన్నీ కింది భాగాన్నీ విడదీసి, రంధ్రాలు మూసి, ఒక కొనను అరచేతితో అడ్డుకుని రెండో కొన నుంచి గాలి పీల్చి చూస్తే రెండూ గాలిని నిలిపాయి. నడిమి కీలు కొంచెం బిగువుగా తిరిగింది, అంతకుమించి ఏమీ లేదు. ఆమె పెదవి కూర్పులో దోషం ఉందేమోనని నా మౌత్‌పీస్‌తో, నా రీడుతో వాయించమన్నాను. నాదం వెంటనే తేటపడింది. ఇక ముందుగా అనుమానించవలసింది రీడునే.

ఆమె రీడ్లను తడిపి ఒక్కొక్కటిగా మౌత్‌పీస్‌కు కట్టి, కింది కొనను అరచేతితో మూసి, మొన వైపు నుంచి గాలి పీల్చి వదిలేశాను. రీడు మౌత్‌పీస్‌కు పూర్తిగా అతుక్కుని ఉంటే లోపలి శూన్యం ఒకటి రెండు సెకన్లు నిలిచి, ఆ తర్వాత టప్పుమని విడుతుంది. ఆమె రీడ్లలో ఎక్కువ భాగం క్షణమైనా నిలవలేదు. ఆ తర్వాత అద్దం పలక మీద అడుగు తలాన్ని ఆనించి, ఎదురెదురు మూలలను రెండు వేళ్లతో మార్చిమార్చి నొక్కితే కొన్ని రీడ్లు అటూ ఇటూ ఊగాయి. వాటి అడుగు నడుమన ఉబ్బి ఉంది. అలా ఉబ్బిన రీడు మౌత్‌పీస్ పీఠం మీద పూర్తిగా ఆనదు. పక్కల నుంచి గాలి పోతుంది. ఆ నష్టాన్ని పూడ్చడానికి వాద్యకారిణి ఇంకా బలంగా ఊదుతారు, దవడను ఇంకా బిగిస్తారు. దవడ బిగిస్తే రీడుకూ మౌత్‌పీస్ మొనకూ మధ్య తెరపు మూసుకుపోతుంది. 'గట్టిపడింది' అన్న అనుభవం ఇక్కడి నుంచి పుడుతోంది.

ఇక్కడ రీడు స్వభావం కొంత చెప్పాలి. ఇది అరుండో డోనాక్స్ అనే, వెదురును పోలిన ఎత్తైన గడ్డిజాతి కాండం నుంచి తయారవుతుంది. దక్షిణ ఫ్రాన్స్‌లోని వార్ ప్రాంతపు పంటకు దీనిలో ప్రసిద్ధి ఉంది. కర్రజాతి పదార్థాలు సాధారణంగా గాలిలో తేమ 50 శాతం ఉన్నప్పుడు తమ ఎండు బరువులో 9 శాతం, 80 శాతం ఉన్నప్పుడు 16 శాతం దరిదాపుల్లో నీటిని పట్టి ఉంచుతాయి. ఆ నీటితో అవి పొడవునా దాదాపు పెరగవు కానీ అడ్డంగా ఉబ్బుతాయి. రీడులో మరో చిక్కు ఉంది. అడుగు తలం కాండపు లోపలి వైపుది, అక్కడ నీటిని పీల్చే మెత్తని కణజాలం ఎక్కువ. మడమ (మొనకు ఎదురుగా ఉండే మందమైన చివర) పైభాగంలో మిగిలే బెరడు వైపు దట్టంగా, నీటిని తేలికగా పీల్చకుండా ఉంటుంది. అందువల్ల తడిసినప్పుడు అడుగు వైపు ఎక్కువ ఉబ్బి బయటికి పొంగుతుంది, ఆరినప్పుడు ఎక్కువ కుంచించుకుని లోపలికి పల్లమవుతుంది. ఇంకో సంగతి, తడి రెల్లు (రీడుకు వాడే ఈ కాండం) నిజానికి గట్టిపడదు. దాని దృఢత్వం తగ్గుతుంది, బరువు పెరుగుతుంది, కంపనాన్ని తనలోనే మింగేసుకునే గుణం పెరుగుతుంది. అది తొందరగా స్పందించకపోవడాన్ని పెదవి గట్టిదనంగా చదువుతుంది. గాలి కారడం దానికి తోడైతే ఆ భ్రమ ఇంకా బలపడుతుంది.

నా దగ్గరకు రాకముందు జరిగిన ప్రయత్నాలు

మొదట ఆమె రీడు నంబరు తగ్గించారు. గట్టిగా ఉంది కాబట్టి మెత్తనిది వాడదామన్నది ఆలోచన. 3 నుంచి 2½కి వచ్చారు. ఇంట్లో కొంత హాయి అనిపించింది, ఎందుకంటే తక్కువ నంబరు రీడు గాలి కొంత కారుతున్నా పలుకుతుంది. కానీ పై స్థాయి స్వరాలు శ్రుతికి తగ్గాయి, నాదం పలచబడింది. హాలులోని పొడిగాలిలో అదే రీడు పెదవి ఒత్తిడికి మూసుకుపోయింది. లక్షణాన్ని కప్పి కారణాన్ని అలాగే వదిలేసిన ప్రయత్నం ఇది.

రెండోది ఉప్పుకాగితం. అడుగు తలం ఉబ్బిందని ఆమె తానే కనిపెట్టారు, అది మెచ్చుకోదగిన పరిశీలన. అద్దం మీద సన్నని ఉప్పుకాగితం పరిచి ఆ ఉబ్బును అరగదీశారు. అయితే ఆ పని తేమ 80 శాతం ఉన్న గదిలో, వాయించిన వెంటనే, రీడు ఇంకా తడిగా ఉన్నప్పుడు చేశారు. ఉబ్బి ఉన్న స్థితిలో చదును చేసిన తలం ఏసీ హాలులో ఆరేసరికి నడుమన పల్లంగా మారింది. వానాకాలంలో బిగిసిన తలుపును చిత్రిక పట్టిస్తే ఎండాకాలంలో సందు మిగిలినట్టే ఇది. ఇంట్లో బాగా పలికిన రీడు హాలులో లొంగకపోవడానికి సగం కారణం ఇక్కడే దొరికింది. తీసేసిన పొర తిరిగి రాదు కనుక ఆ రీడ్లను సాధనకు మాత్రమే ఉంచమన్నాను.

మూడోది సిలికా జెల్. బూజు చూసి భయపడి రీడ్లను బిగుతైన డబ్బాలో తేమ పీల్చే పొట్లాలతో ఉంచారు. బూజు ఆగింది. కానీ రీడ్లు అతిగా ఎండి, మొనలు అలలు తిరిగాయి. మొన మందం మిల్లీమీటరులో పదో వంతు మాత్రమే ఉంటుంది కాబట్టి అక్కడ చిన్న తేడా కూడా పైకి కనిపిస్తుంది. అలలు పోవడానికి ఆమె చాలాసేపు నీటిలో నానబెట్టేవారు, దానితో అడుగు మరింత ఉబ్బేది. అతి పొడి నుంచి అతి తడికి రోజూ లాగడం రెల్లును త్వరగా అలసిపోయేలా చేస్తుంది.

నాలుగోది తేమను నిలిపే ప్యాకెట్. పొర లోపల ఉప్పుద్రావణం ఉండే ఈ ప్యాకెట్లు గాలిలో తేమ ఎక్కువైతే పీల్చుకుంటాయి, తక్కువైతే వదులుతాయి. 58, 73, 84 శాతాల రకాలు దొరుకుతాయి. ఆమె 73 శాతానిది ఎంచుకుని, వాయించిన రీడ్లను తుడిచి వెంటనే డబ్బాలో పెట్టారు. మళ్లీ బూజు వచ్చింది. ప్యాకెట్ పనిచేయడం లేదని ఆమె అనుకున్నారు. కానీ లెక్క వేసి చూడాలి. చిన్న డబ్బాలోని గాలి మోసే నీరు కొన్ని మిల్లీగ్రాములే. అప్పుడే వాయించిన ఒక్క రీడు మోసే నీరు దానికి ఎన్నో రెట్లు. నాలుగు తడి రీడ్లు పెట్టి మూస్తే ప్యాకెట్ అంత నీటిని పీల్చేసరికి గంటలు పడుతుంది. ఆ గంటల్లో వెచ్చదనం, తేమ, లాలాజలపు మిగులు మూడూ కలిసి బూజుకు కావలసినదంతా సమకూరుస్తాయి. సాధనం తప్పు కాదు, దాని వరుస తప్పింది.

మేం చేసిన నిర్ణయాలు

బూజు పట్టినవాటిని అన్నిటికంటే ముందు పారేయించాను. కడిగి వాడుకోవచ్చా అని అడిగారు. పైపైన పోయినా రెల్లు నాళాల్లోపల ఉన్నది పోయిందని తేల్చుకోలేము, నోట్లో పెట్టుకుని లోతుగా ఊపిరి తీసుకునే వస్తువు అది. ఊదే వాద్యాల్లో చేరిన బూజు ఊపిరితిత్తులకు తీవ్రమైన హాని చేయగలదని చెప్పే ఒక బ్యాగ్‌పైప్ వాద్యకారుడి కేసు 2016లో థొరాక్స్ అనే వైద్య పత్రికలో వచ్చింది. ఒక రీడు ఆదా చేసుకోవడం కోసం తీసుకోదగిన ప్రమాదం కాదు. మౌత్‌పీస్‌ను గోరువెచ్చనికి మించని నీటితో, మెత్తని సబ్బుతో కడిగించాను. వేడినీళ్లు ఎబొనైట్ రంగు చెడగొడతాయి, ఆకారాన్నీ మార్చగలవు.

ఆపైన నంబరు సంగతి. 3 నంబరుకే తిరిగి వెళ్లాలని నిర్ణయించాం. ఆమె మౌత్‌పీస్‌కూ పెదవికీ ఎన్నో ఏళ్లుగా అది సరిపోయింది. మారింది వాతావరణం కాబట్టి దాన్ని అదుపు చేయకుండా నంబరు మార్చితే రెండు చరాంశాలు ఒకేసారి కదులుతాయి, దేనివల్ల ఏం జరిగిందో చెప్పలేము. ఈ ఒక్క విషయంలో ఆమెను ఒప్పించడానికి కొంత సమయం పట్టింది.

అసలు ప్రశ్న తర్వాతది: రీడును ఏ తేమ దగ్గర నిలపాలి? ఇల్లు 80, హాలు 50. రీడు ఏదో ఒకదానికి అలవాటు పడితే రెండోచోట తిరగబడుతుంది. కచేరీలు హాలులో జరుగుతాయి, తప్పు ఖరీదయ్యేది అక్కడే. అందుకని హాలుకు దగ్గరగా ఉన్న 58 శాతం ప్యాకెట్‌ను ఎంచుకున్నాం. 73 శాతం ఇంటి గాలికి దగ్గర కనుక సాధనలో సుఖంగా ఉండేది, కానీ హాలులో మొదటి అరగంట రీడు ఆరుతూ ఆకారం మార్చుకుంటూ ఉండేది. సాధనలో వచ్చే కొద్దిపాటి బరువును భరించడం కచేరీలో వచ్చే అస్థిరత కంటే మేలు. ఇంటి దగ్గరే వాయించేవారికైతే నేను 73 సూచించి ఉండేవాడిని.

ప్యాకెట్ కంటే ముందు జరగవలసిన పనికి ఎక్కువ శ్రద్ధ పెట్టాం. వాయించడం అవగానే రీడును విప్పి, మడమ నుంచి మొన వైపుగా రెండు పక్కలా మెత్తగా తుడిచి, నీటి చుక్క మిగలకుండా చూసి, పక్క అంచు మీద నిలబెట్టి గదిలో ఆరనివ్వాలి. అద్దం మీద పడుకోబెట్టి ఆరబెట్టే అలవాటు చాలామందికి ఉంది. పొడి ప్రాంతాల్లో అది మొనను చదునుగా ఉంచడానికి ఉపయోగపడుతుంది. ఉక్కలో మాత్రం గాలి తగలని అడుగు వైపు, అంటే నీరు ఎక్కువ పీల్చిన వైపే, తడిగా ఉండిపోతుంది. ఫ్యాన్ నేరుగా తగిలేలా పెట్టవద్దన్నాను, ఒక వైపు మాత్రమే వేగంగా ఆరితే వంకర తిరుగుతుంది. చేతికి చల్లదనం తెలియనంతగా ఆరాకే డబ్బాలోకి వెళ్లాలి. చల్లగా తగిలినంతసేపూ నీరు ఇంకా ఆవిరవుతోందని అర్థం. ఇంతకంటే సులువైన పరీక్ష నాకు తెలియదు.

ఉక్కలో రీడు ఆరడానికి పట్టే సమయం పొడికాలంలో కంటే చాలా ఎక్కువ. ఒకటి రెండు రీడ్లతోనే నెట్టుకొస్తే అవి ఎప్పటికీ పూర్తిగా ఆరవు. అందువల్ల ఆరు రీడ్లకు నంబర్లు వేసి వరుసగా తిప్పమన్నాను. కొత్తవాటిని మొదటి కొన్ని రోజులు కొద్ది నిమిషాలు మాత్రమే, నడిమి స్థాయి స్వరాలతో వాయించి ఆపాలి. తడిసి ఆరడం కొన్నిసార్లు జరిగాక గానీ అడుగు తలం ఒక స్థిరమైన రూపానికి రాదు. అప్పుడు కూడా ఉబ్బు మిగిలితే, డబ్బాలో ఒక రాత్రి ఉండి పూర్తిగా ఆరిన రీడును, ఏసీ గదిలో, 600 నంబరు ఉప్పుకాగితం మీద చాలా తేలికగా కొద్దిసార్లు మాత్రమే రుద్దాలి. రుద్దిన చోట మెరుపు మారుతుంది. ఆ మార్పు నడుమన మాత్రమే కనిపిస్తే ఉబ్బు ఉన్నట్టు, తలమంతా సమంగా కనిపిస్తే ఆపవలసిన చోటికి చేరినట్టు.

తడపడంలోనూ మార్పు చేశాం. సిలికా జెల్ కాలంలో అలవాటైన నానబెట్టడం మాన్పించాను. 58 శాతం దగ్గర ఉన్న రీడు మొన చదునుగానే ఉంటుంది కాబట్టి నీటిలో ముంచి తీసి ఒక నిమిషం ఆగితే చాలు. లాలాజలం కంటే నీరు మేలనడానికి శుభ్రత ఒక్కటే కారణం కాదు. ప్రతిసారీ ఒకే మేరకు తడపడం నీటితో సాధ్యమవుతుంది.

ప్రయాణం గురించి ఒక్క నియమం పెట్టాను. 34 డిగ్రీల దగ్గర 75 శాతం తేమ ఉన్న గాలి 29 డిగ్రీలకు చల్లబడితేనే నీరు వదలడం మొదలుపెడుతుంది. 22 డిగ్రీల హాలులో చల్లబడిన వాద్యాన్నీ రీడ్లనూ ఆ గాలిలోకి తెచ్చి వెంటనే పెట్టె తెరిస్తే వాటి మీద చెమట పట్టినట్టు నీరు కమ్ముతుంది. అందువల్ల బయటికి వచ్చాక పెట్టె మూతపెట్టి ఉంచి, అది పరిసరాల వెచ్చదనానికి వచ్చాకే తెరవాలి. ఎండలో నిలిపిన వాహనంలో పెట్టెను వదలకూడదన్నది వేరే చెప్పనక్కర్లేదు.

పాలీప్రొపిలీన్‌తో చేసిన కృత్రిమ రీడును కూడా పరీక్షించాం. నీటిని పీల్చదు కనుక ఈ సమస్యలన్నిటికీ అదే జవాబు కావాలి. కానీ ఆ పదార్థం వేడికి మెత్తబడుతుంది. హాలులో సరిగ్గా ఉన్నది ఆరుబయట ఎండలో అర నంబరు తగ్గినట్టు అనిపించింది. నాదంలోని రంగు ఆమెకు నచ్చలేదు. అది అభిరుచికి సంబంధించినది, వాదించలేదు. ఆరుబయట వాయించేటప్పుడు మాత్రం, ఆ పరిస్థితికి తగిన నంబరుతో, ఒకటి దగ్గర ఉంచుకోవాలని అంగీకరించారు.

ఫలితం, మిగిలిన చిక్కులు

కొన్ని వారాల్లో బూజు పూర్తిగా ఆగింది. పీల్చి చూసే పరీక్షలో ఆరు రీడ్లలో ఎక్కువవి ఇంట్లోనూ హాలులోనూ శూన్యాన్ని నిలిపాయి. పై స్థాయికి వెళ్లేటప్పుడు వచ్చే కీచు చాలావరకు పోయింది. మిగిలిన కొద్దిపాటి కీచు దవడ బిగింపు వల్ల వచ్చింది. గాలి కారే రీడ్లతో నెలల తరబడి వాయించినప్పుడు అబ్బిన అలవాటు అది, రీడు బాగుపడినంత త్వరగా పోదు. దానికి కింది స్థాయిలో మెల్లగా, పొడవైన స్వరాలతో సాధన ఇచ్చాను.

ఇంటి సాధనలో, ముఖ్యంగా చివరి భాగంలో, రీడు బరువెక్కడం తగ్గింది గానీ పోలేదు. 80 శాతం తేమలో వాయిస్తూ ఉన్న రీడు ఆరే అవకాశమే లేదు. అప్పుడు నంబరు మార్చకుండా రీడు మార్చాలి: వాయిస్తున్నదాన్ని ఆరబెట్టి, వరుసలో తర్వాతిది తీసుకోవాలి. ఆరుబయట కచేరీల్లో శ్రుతి పెరగడం మీద ఈ మార్పుల ప్రభావం ఏమీ లేదు, ఉండదు కూడా. గాలి ఒక డిగ్రీ వేడెక్కితే ధ్వని వేగం సెకనుకు 0.6 మీటరు పెరుగుతుంది, శ్రుతి లెక్క ప్రకారం 3 సెంట్లు (సెంటు అంటే అరస్వరంలో నూరో వంతు) పైకి పోతుంది. దాన్ని బ్యారెల్ (మౌత్‌పీస్ కింద ఉండే చిన్న గొట్టం) దగ్గర లాగి సరిచేయాలే తప్ప రీడుతో కాదు. ఆమె ఈ రెండింటినీ చాలాకాలం ఒకే సమస్యగా చూశారు.

ఇలాంటి ఫిర్యాదుతో వచ్చేవారి విషయంలో ఇప్పుడు నా వరుస ఇలా ఉంది. వాద్యం గాలి నిలుపుతోందా, రీడు నిలుపుతోందా అన్నది తేలేదాకా నంబరు మాట ఎత్తను. రీడు ఏయే గదుల్లో వాయిస్తున్నారో, ఆ గదుల తేమ ఎంతో అడుగుతాను. సాధారణంగా వాద్యకారులు తమ రీడు కంపెనీ, కోత, నంబరు క్షుణ్ణంగా చెబుతారు, గదిలో తేమ ఎంతో చెప్పగలిగేవారు అరుదు. చవకగా దొరికే చిన్న హైగ్రోమీటర్‌ను రీడు డబ్బా పక్కన పెట్టుకుంటే ఖరీదైన రీడ్లు మార్చిమార్చి కొనడం కంటే ఎక్కువ తెలుస్తుంది.

పొడికాలం వచ్చాక ఇంటి తేమ 45 శాతానికి దిగింది. అదే 58 శాతం ప్యాకెట్ ఇప్పుడు రీడ్లకు తేమను ఇచ్చే వైపు పనిచేస్తోంది. కొత్తగా తెరిచిన రీడ్లకు అడుగు తలాన్ని రుద్దే అవసరం ఇప్పటివరకు రాలేదు. ఉక్క కాలంలో సరిచేసినవాటిలో రెండింటి అడుగు మాత్రం కొద్దిగా పల్లమైంది. వాటిని మళ్లీ ముట్టుకోకుండా, డబ్బాలో ఉంచి, వచ్చే ఉక్క కాలంలో తిరిగి పరీక్షించాలని నిర్ణయించాం.